పండుకి ఇల్లు కావాలి

ఆ ఫారంలో ‘స్వభావం’ అని ఒక గడి ఉంది. అందులో నేను ‘మంచిది’ అని ఒక్క మాట రాసి, కింద సంతకం పెట్టి, రెండు వేల రూపాయలు విరాళం కూడా ఇచ్చి, వెనక్కి చూడకుండా ఆటో ఎక్కేశాను. కథలు రాస్తానని పేరుపెట్టుకున్న మనిషిని! నా కథల్లో పక్కింటావిడ స్వభావం చెప్పడానికే పేజీన్నర పడుతుంది. తొమ్మిదేళ్లు ఒక ఇంట్లో పెరిగిన ప్రాణిని కొత్తవాళ్ల చేతుల్లో పెడుతున్నప్పుడు మాత్రం నాకు తోచింది ఆ ఒక్క మాటే.

ఆ ప్రాణి పేరు పండు. గోధుమరంగు నాటు కుక్క. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, రెండో చెవి సగానికి వాలి ఉంటుంది. మల్కాజిగిరిలో మేముండే అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు మామ్మగారు పెంచుకున్న కుక్క. ‘మామ్మగారు’ అనేది పిల్లల పిలుపు. ఆ పిలుపే మా అందరికీ అలవాటైపోయింది. ఆవిడ రిటైరైన టీచరమ్మ. తొమ్మిదేళ్ల కిందట ఒక ముసురు రోజున సెల్లార్‌లో స్కూటర్ల మధ్య వణుకుతూ కనిపించిన పిల్లని కొంగులో చుట్టుకుని పైకి తీసుకెళ్లారు. రెండు రోజుల్లో ఎవరికైనా ఇచ్చేస్తానన్నారు. ఇవ్వలేదు. ‘అది’ అంటే ఊరుకునేవారు కాదు, ‘వాడు’ అనాలి. అందుకే నేనూ ఇక్కడ వాడు అనే రాస్తాను, వ్యాకరణం తెలిసినవాళ్లు మన్నించాలి.

పోయిన కార్తీకంలో మామ్మగారు నిద్రలోనే వెళ్లిపోయారు. పొద్దున్నే పాలబ్బాయి బెల్లు కొడితే తలుపు తీయలేదు. లోపల నుంచి పండు ఏడుపు. మొరగడం కాదు, ఏడుపే. వాచ్‌మన్ తాళం పగలగొట్టేసరికి వాడు ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉన్నాడు.

కొడుకు డల్లాస్ నుంచి వచ్చాడు. పన్నెండు రోజులూ పద్ధతిగా అన్నీ జరిపించాడు. సామాన్లు కొన్ని ఇచ్చేశాడు, కొన్ని అమ్మేశాడు. ఇల్లు అద్దెకి ఇమ్మని ఏజెంట్‌కి తాళాలు అప్పగించాడు. ఇక మిగిలింది పండు. ‘‘చెల్లెమ్మా, మీరే ఏదో ఒక దారి చూడాలి’’ అన్నాడు నాతో. ఆయన్ని తప్పుపట్టి రాయడం చాలా తేలిక. కానీ మన దేశం నుంచి కుక్కని అమెరికా తీసుకెళ్లడం సూట్‌కేసు తీసుకెళ్లినట్టు కాదు. 2024 ఆగస్టు నుంచి అక్కడ నిబంధనలు ఇంకా గట్టి చేశారు. ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, రేబిస్ టీకా ధ్రువపత్రం ఉండాలి, ఆ టీకా పనిచేస్తోందని రక్తపరీక్ష కావాలి. లేదంటే అక్కడ దిగాక 28 రోజులు వేరుగా ఉంచుతారు. పన్నెండు రోజుల సెలవు మీద వచ్చిన మనిషికి సాధ్యమయ్యే పని కాదు. అదీగాక ఆయనకి పండు ఫోన్‌లో కనబడే బొమ్మ మాత్రమే. మాకు రోజూ మెట్ల మీద ఎదురుపడే మనిషి... మనిషి అనేశాను. ఉండనివ్వండి.

మా ఇంట్లో పెట్టుకుందామంటే అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్లు. మడీ ఆచారమూ సరే, నడుస్తుంటే కాళ్లకి అడ్డంపడితే తుంటి ఎముక విరుగుతుందని మావారి భయం. ఆ భయం అర్థం లేనిది కాదు. వాచ్‌మన్ భార్య చూసుకుంటానంది గానీ అసోసియేషన్ వాళ్లు సెల్లార్‌లో వద్దన్నారు. అప్పుడు ఎవరో ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న షెల్టర్ సంగతి చెప్పారు. ‘‘అక్కడ బోలెడు కుక్కలుంటాయి, దానికీ తోడుంటుంది’’ అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. తోడు! అత్తారింటికి వెళ్తున్న ఆడపిల్లకి కూడా మనం ఇదే మాట చెప్పి పంపిస్తాం కదా.

ఆరు వారాల తర్వాత

అక్కడ పనిచేసే అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసింది. ‘‘అక్కా, మీరు వదిలిన కుక్క సరిగా తినడం లేదు. వచ్చినప్పుడు పద్దెనిమిది కిలోలు, ఇప్పుడు పదమూడు. రక్తపరీక్ష చేయించాం, జబ్బేం లేదు. మీరొకసారి రాగలరా?’’

వెళ్లాను. గేటు దగ్గరే ఫినాయిల్ వాసన, దానికింద ఇంకేదో పాత వాసన. నేను లోపల అడుగుపెట్టగానే ఒక కుక్క మొరిగింది, దాన్ని చూసి ఇంకోటి, క్షణంలో ఆ వరసంతా. మాట వినపడటం లేదు. అలాంటి చోట్ల కుక్కలన్నీ కలిసి అరిచినప్పుడు ఆ మోత 100 డెసిబెల్స్ దాటుతుందని కొలిచి చూసిన పరిశోధకులు ఉన్నారు. మన మిక్సీలో ఎండుకొబ్బరి వేసి తిప్పినప్పటి రొదకంటే ఎక్కువ. మనం స్విచ్ ఆపేస్తాం. వాటికి ఆ స్విచ్ లేదు, పైగా వాటి వినికిడి మనకంటే ఎంతో చురుకు. సాయంత్రం ఐదింటికి మామ్మగారితో కలిసి రేడియో వినడమే పండు ఎరిగిన గట్టి చప్పుడు!

షెల్టర్ వాళ్లని ఒక్క మాట అనలేను. ఉన్నదాంట్లో శుభ్రంగానే ఉంచుతున్నారు. ఉండాల్సినవాటికి రెట్టింపు ఉన్నాయి, అంతే. రోడ్డు మీద కాలు విరిగినవి, వయసైపోయిందని కారులో తెచ్చి గేటుకి కట్టేసి వెళ్లిపోయినవి, పెళ్లయి ఊరు మారారని వదిలేసినవి. ఖరీదైన జాతి కుక్కలు కూడా ఉన్నాయి. పిల్లల ముచ్చట తీరిపోయాక వాటికీ అదే గతి.

పండు చివరి గదిలో ఉన్నాడు. గది అంటే ఇనపచువ్వల తలుపు, మూడువైపులా గోడలు. తలుపుకి ఒక అట్టముక్క కట్టి ఉంది: ‘జాగ్రత్త. కరుస్తుంది.’

నాకు కాళ్లు ఆడలేదు. తొమ్మిదేళ్లలో వాడు మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో ఒక్కరిని గీరింది లేదు. ఇప్పుడు గదిలో గుండ్రంగా తిరుగుతున్నాడు. ఎడమవైపుగా, అదే వలయం, అదే వేగం. ముందుకాలు ఒకటి నాకి నాకి పుండు చేసుకున్నాడు. నేను ‘‘పండూ’’ అన్నాను. ఆగాడు. కళ్లల్లో తెల్లగుడ్డు కనబడేలా పక్కకి చూశాడు. గొంతులోంచి గుర్రుమన్నాడు. నన్ను చూసి!

‘‘కోపం కాదక్కా, భయం’’ అంది ఆ అమ్మాయి. డిగ్రీ చదువుతూ వారానికి మూడు రోజులు ఉచితంగా పనిచేసే పిల్ల. ఆ రోజు తను చెప్పిన పాఠం నాకు ఎప్పటికీ గుర్తుంటుంది. నిద్ర రాకుండానే మాటిమాటికీ ఆవలించడం, తినేదేమీ లేకుండానే పెదవులు నాక్కోవడం, ఎండ లేకపోయినా రొప్పడం, తోక కడుపు కిందికి ముడుచుకోవడం, గోడవైపు తిరిగి పడుకోవడం, ఒకే చోట గిరగిరా తిరగడం... ఇవన్నీ కుక్క ‘నావల్ల కావడం లేదు’ అని చెప్పే మాటలేనట. ఆ మాటలు ఎవరూ వినిపించుకోకపోతే గుర్రుమంటుంది. అదీ వినకపోతే పన్ను చూపిస్తుంది. శుభ్రం చేయడానికి వచ్చినాయన చీపురు ఎత్తేసరికి పండు ఆయన పంట్లాం పట్టుకున్నాడు. పంటి గాటు పడలేదు గానీ, అట్టముక్క పడింది. ఇక చూడడానికి వచ్చినవాళ్లు ఆ అట్ట చదివి పక్క గదికి వెళ్లిపోతున్నారు. ఎవరూ తీసుకెళ్లరు కనక ఇక్కడే ఉంటాడు. ఇక్కడే ఉంటాడు కనక ఇంకా ముదురుతుంది.

ఇది ఆ అమ్మాయి ఊహ కాదు. ఒత్తిడి పెరిగితే మనకైనా వాటికైనా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది. షెల్టర్‌కి వచ్చిన మొదటి మూడు రోజుల్లో కుక్కల రక్తంలో అది ఇళ్లల్లో ఉండేవాటికంటే చాలా ఎక్కువగా ఉందని అమెరికాలో 1997లోనే ఒక పరిశోధనలో తేలింది. చాలా కుక్కలు మెల్లగా సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోలేవు. ఒకే మనిషితో, నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో పెరిగి పెద్దయినదానికి సర్దుకోవడం కష్టమని నా కళ్లతో చూశాను.

అప్పుడే అన్నం వేళయింది. పని చేసేవాళ్లు గిన్నె లోపలికి జరిపి వెళ్లిపోయారు. చికెన్ ముక్కలు వేసి వండిన అన్నం, వాసన బాగానే ఉంది. పండు గిన్నె దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తినలేదు. తలెత్తి ఆ వెళ్లిపోతున్న మనిషి వీపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్లీ గిన్నె చూశాడు.

నాకు చప్పున తట్టింది. మామ్మగారు పెరుగన్నం కలిపి కంచం కింద పెట్టి, కాసేపు ఆపి, ‘‘తినరా నాయనా’’ అనేవారు. ఆ మాట అంటేనే ముట్టేవాడు. చిన్నప్పుడు కంగారుగా తిని పొలమారుతున్నాడని నేర్పిన అలవాటు. మా పిల్లలు ఆ మాట అనడానికి పోటీపడేవాళ్లు. నేను వందసార్లు చూసిందే. ఫారంలో ‘మంచిది’ అని రాసి వచ్చాను!

చువ్వల దగ్గర చతికిలబడి ‘‘తినరా నాయనా’’ అన్నాను. గొంతు పెగల్లేదు. రెండోసారి గట్టిగా అన్నాను.

తిన్నాడు. గిన్నె గోడకి తగిలి టంగుమనేదాకా తిన్నాడు. ఆరు వారాలుగా ఆకలికి తట్టుకోలేనప్పుడు రాత్రిళ్లు దొంగతనంగా నాలుగు మెతుకులు ఎంగిలిపడేవాడట. ఎవరూ తినమనలేదు మరి.

ఆ అమ్మాయి అట్టముక్క తీసేసింది. వెనక్కి తిప్పి, తినే ముందు ఏమనాలో పెద్ద అక్షరాలతో రాసి మళ్లీ కట్టింది. దాంతో తిండి సంగతి కొంత తేలింది. గుండ్రంగా తిరగడం ఆగలేదు.

పది రోజుల చుట్టం

తనే ఇంకో మాట చెప్పింది. శాశ్వతంగా పెంచుకోలేకపోయినా కొన్నాళ్లు ఇంటికి తీసుకెళ్లినా మేలేనట. నేను నమ్మలేదు. తీసుకెళ్లి మళ్లీ తెచ్చి వదిలితే ఇంకా బెంగపెట్టుకోదా? దీనిమీదా పరిశోధన జరిగింది. అమెరికాలో 5 షెల్టర్లలో 207 కుక్కలని ఒకటి రెండు రాత్రులు ఇళ్లకి పంపించి చూశారు. 2019లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇంట్లో ఉన్న ఆ కాస్త సమయంలోనే కార్టిసాల్ తగ్గింది, ఆపకుండా ఎక్కువసేపు విశ్రాంతి తీసుకున్నాయి. తిరిగొచ్చాక హార్మోను మళ్లీ పాత స్థాయికి చేరింది గానీ, వెళ్లకముందుకంటే పెరగలేదు. పుట్టింటికి వెళ్లి రెండు రోజులు పడుకుని వచ్చిన కోడలికి ఎలా ఉంటుందో మనకి ఏ పరిశోధకులూ చెప్పక్కర్లేదు.

మావారిని అడిగాను. ‘‘పది రోజులు’’ అన్నారు. ‘‘పదకొండో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి...’’ అని మాట పూర్తిచేయలేదు. పూర్తిచేయకపోవడం మంచి శకునమే అనుకున్నాను.

అసోసియేషన్ సెక్రటరీగారు లిఫ్ట్‌లో తీసుకురాకూడదన్నారు. ఆ ఒక్కటి నేను ఒప్పుకోలేదు. అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని, మీటింగ్ పెట్టి అందరూ తీర్మానించినా చెల్లదని, లిఫ్ట్ ఎక్కనివ్వకపోవడమూ కుదరదని కేంద్ర జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఇదే గొడవ ఉంటే గుర్తుపెట్టుకోండి. అయితే గొలుసు వేసి తీసుకెళ్లడం, మలం ఎత్తి శుభ్రం చేయడం మన పనే. మనం ఆ పని చేయకుండా ఎదుటివాళ్లకి రూల్సు చదివితే ఎవరికైనా మండుతుంది.

అత్తయ్యగారి భయం వేరు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని ఆవిడ చిన్ననాటి జ్ఞాపకం. ఆ పాత మందు మన దేశంలో 2005 ప్రాంతంలోనే ఆగిపోయింది. ఇప్పుడిచ్చేవి భుజానికి వేసే మామూలు సూదులు. పండుకి ఏటేటా టీకా వేయించిన కార్డు మామ్మగారు దాచి ఉంచారు, ఆపరేషన్ కూడా అయింది. అయినా ఆవిడ భయాన్ని కొట్టిపారేయను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. ఏ కుక్క కరిచినా, గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. పసుపూ కారం పెట్టి కూర్చోకూడదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల బారినపడి చనిపోయిన రోజున మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ అన్నం సయించలేదు. మామ్మగారు పండుని ఆ రోజంతా బయటికి తీసుకురాలేదు, జనం ముఖం చూడలేక.

కుక్కల మాటెత్తితే ఇప్పుడు దేశమంతా రెండు వర్గాలైపోయింది. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 22న పెద్ద బెంచి దాన్ని సవరించి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ మినహా మిగతావాటిని పట్టుకున్న చోటే వదలమంది. నవంబరులో బడులూ ఆస్పత్రులూ బస్టాండ్ల ఆవరణల నుంచి మాత్రం తీసుకెళ్లి షెల్టర్లలో ఉంచమంది. ఏది ఒప్పో తేల్చేంత తెలివి నాకు లేదు. ఒకటి మాత్రం తెలుసు. ఇంట్లో పెరిగిన కుక్క ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడదు. వాడికి వదలడానికి ‘పట్టుకున్న చోటు’ అంటూ ఏదీ లేదు. వాడి చోటు మామ్మగారి మంచం పక్కన. రోడ్డు మీద వదిలితే ఆ వీధి కుక్కలు ఒక్క రాత్రి బతకనివ్వవు.

పెంపుడు జంతువుని తిండికీ నీళ్లకీ మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. ఆ చట్టం రాసిన జరిమానా ఎంతో తెలుసా? మొదటి తప్పుకి పది రూపాయల నుంచి యాభై రూపాయలు. మా వీధి చివర బండి దగ్గర రెండు ప్లేట్ల ఇడ్లీ రాదు.

ఇంట్లో మొదటి మూడు రోజులూ పండు డైనింగ్ టేబుల్ కిందే ఉన్నాడు. పలకరించకండి, ముట్టుకోకండి, మీ పని మీరు చేసుకోండి అంది షెల్టర్ అమ్మాయి. కొత్త ఇంట్లో బెరుకు తీరడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతులు పట్టుబడటానికి మూడు వారాలు, ‘ఇది నా ఇల్లు’ అనుకోవడానికి మూడు నెలలు అని వాళ్లలో ఒక వాడుక లెక్క ఉంది. నాలుగో రోజు పొద్దున అత్తయ్యగారు విష్ణుసహస్రనామం చదువుకుంటుంటే మెల్లగా వెళ్లి ఆవిడకి రెండు గజాల దూరంలో కూర్చున్నాడు. మామ్మగారూ ఆ వేళకే చదివేవారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు. చదవడం అయ్యాక నాతో, ‘‘భారతం మొదలెట్టిందీ కుక్కతోనే, ముగిసిందీ కుక్కతోనే’’ అన్నారు. నిజమే. మొదట్లో తప్పు చేయని కుక్కపిల్లని కొట్టారని సరమ వచ్చి జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర్లో కుక్కని వదిలి స్వర్గానికి రానంటాడు ధర్మరాజు. ‘‘మడిబట్ట మాత్రం ముట్టుకోనివ్వకు’’ అని ముక్తాయించారు.

ఆరో రోజుకి గిరగిరా తిరగడం తగ్గింది. కాలి పుండు ఎండుతోంది. కాస్త ఒళ్లు కూడా చేశాడు. ఇంత బాగుంటే నువ్వే ఉంచుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. లిఫ్ట్ రెండో అంతస్తులో ఆగినప్పుడల్లా పండు గొలుసు లాక్కుని ఆ తలుపు ముందుకి పరిగెడతాడు. కూర్చుంటాడు. ఇప్పుడక్కడ కొత్తగా పెళ్లయిన జంట అద్దెకుంటున్నారు. ఆ అమ్మాయి తలుపు తీస్తే ఆమె కాళ్ల పక్కనుంచి లోపలికి చూస్తాడు. మెట్ల మీదుగా తీసుకెళ్లినా అంతే. మొన్న గంటసేపు కదల్లేదు. పద్దెనిమిది కిలోల కుక్కయితే ఎత్తుకోలేకపోయేదాన్ని. పదిహేను కనక ఎత్తుకొచ్చాను. ఈ భవనంలో ఉన్నంతకాలం వాడికి ఎదురుచూపే. ఇది నిజమైన కారణమే. మావారి గడువు, అత్తయ్యగారి తుంటి ఎముక... అవీ నిజమే. వీటిలో ఎంత కారణం, ఎంత సాకు అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఈ పేజీ మీ చేతికి వచ్చేసరికి పది రోజులూ అయిపోయి పండు మళ్లీ ఆ చివరి గదిలో ఉంటాడు. శనివారం సాయంత్రాలు తీసుకొచ్చి సోమవారం పొద్దున దిగబెట్టడానికి మావారు ఒప్పుకున్నారు. ఆటో ఖర్చు నా కథల పారితోషికంలోంచి. కానీ వారానికి రెండు రోజులు ఇల్లు కాదు కదా. పదేళ్ల వయసుకి దగ్గరపడిన నాటు కుక్కని, అందులోనూ ‘కరుస్తుంది’ అని ఒకసారి పేరుపడినదాన్ని అడిగేవాళ్లు ఉండరని షెల్టర్ వాళ్లే చెప్పారు. మళ్లీ తిండి మానేస్తే ఇంకో ఆరు వారాలు తట్టుకునే ఒళ్లు వాడికి లేదు.

ఈసారి ‘స్వభావం’ గడి చాలక వేరే కాగితం రాసి ఫారానికి కుట్టాను. ఇదీ అందులో సంగతి. చప్పుడు తక్కువున్న ఇల్లు కావాలి. రిటైరైన దంపతులైనా, ఒంటరిగా ఉండేవారైనా మేలు. మరీ పసిపిల్లలూ వేరే కుక్కలూ ఉన్నచోట మొదట్లో కష్టం. మేడ అక్కర్లేదు, పడుకోవడానికి ఒక మంచం పక్కన జాగా చాలు. చీపురు పైకెత్తితే బెదురుతాడు, దీపావళికి బాత్‌రూములో దాక్కుంటాడు, తలుపు తెరిచి ఉంచాలి. వంకాయ కూర అంటే ప్రాణం గానీ ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు, అవి ఏ కుక్కకీ పడవు. వాలిన చెవి వెనక గోకితే నిద్రపోతాడు. రేడియోలో వార్తలు వింటాడు. కంచం పెట్టాక ఒక్క క్షణం ఆగి ‘‘తినరా నాయనా’’ అనాలి. మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పి చూసింది, కదల్లేదు.

ఎవరైనా ఉంటే ఈ పేజీకి ఒక ఉత్తరం ముక్క రాయండి, నాకు అందుతుంది. పండుని నేనే తీసుకొస్తాను. ఊరు ఎంత దూరమైనా ఫర్వాలేదు. ఒకటి రెండు రాత్రులు మీ ఇంట్లో ఉండి, వాడు మీ గిన్నెలో తినేదాకా చూసి వెళ్తాను.